పైన ఉన్న కార్డు

ఆ ఉదయం ఏడు గంటలకు బాబాయ్ చేతిలో ఉన్నది సగం గ్లాసు టీ, నిన్నటి పేపరు, పని లేని ఒక రోజు.

ముప్పై ఏళ్లు టార్పాలిన్ల దుకాణం నడిపిన మనిషికి ఒక అలవాటు మాత్రం పోలేదు. ఏ పని మొదలైనా చేతిలో ఏముందో చూసుకునేవాడు, ముగిశాక ఏం మిగిలిందో చూసుకునేవాడు. దుకాణం మూసేసి ఈ డిటెక్టివ్ ఆఫీసులో సహాయకుడిగా చేరాక కేసుల్ని కూడా అలాగే బేరీజు వేస్తున్నాడు.

ఆఫీసు యజమానురాలిని ఊరంతా సర్వేయరమ్మ అంటారు. ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో నష్టాల సర్వేయరు. బాబాయ్ దుకాణంలోకి వరద నీళ్లు వచ్చినప్పుడు నష్టం రాసుకోవడానికి వచ్చింది ఆవిడే. "టార్పాలిన్లు తడిసి పాడైపోయాయని రాసిస్తే నన్ను ఉద్యోగంలోంచి పీకేస్తారు బాబాయ్. ఇవి తడవడానికే కదా పుట్టింది?" అని అడిగింది ఆ రోజు. బాబాయ్ సిగ్గుతో తల గోక్కున్నాడు. అప్పటినుంచీ ఆయనకు ఆవిడ మీద ఉన్న గౌరవం పెరగడమే తప్ప తరగలేదు.

టీ రెండో గుక్క తాగేలోపు తలుపు తోసుకుని ఇద్దరు వచ్చారు. ముందున్న పెద్దమనిషి కాళ్లకు రెండు వేరువేరు చెప్పులున్నాయి. బిస్కెట్ల ఫ్యాక్టరీ ఆయనది, నాలుగేళ్లుగా క్రికెట్ లీగ్‌లో ఒక జట్టు కూడా ఆయనదే. వెనక ఇస్త్రీ నలగని చొక్కాలో ఉన్నవాడు అల్లుడు.

"నా కొంప మునిగింది మేడమ్," అన్నాడు బిస్కెట్ల యజమాని.

"కూర్చోండి. ఎంత లోతు మునిగిందో చెప్పండి."

ఆయన చెప్పాడు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆటగాళ్ల వేలం. ఈసారి సొంత జట్టులోవాళ్లని కూడా అక్కడే మళ్లీ కొనుక్కోవాలి. ఎవరిని కొనాలో, ఎవరికి ఎంతదాకా వెళ్లాలో నిన్న సాయంత్రం ఆయన, అల్లుడు, జట్టు కోచ్ ముగ్గురూ కూర్చుని జాబితా రాశారు. కవరులో పెట్టి లక్క వేసి, గ్రౌండులోని ఆఫీసు గది బీరువాలో పెట్టి తాళం వేశారు. ఉన్నది ఒక్కటే తాళంచెవి. అది ఆయన మెడలో ఉంది. పొద్దున ఆరుంబావుకు వెళ్లి తీస్తే తాళం వేసినట్టే ఉంది, కవరు లేదు.

"ఇంట్లో పెట్టుకోవచ్చుగా?"

"మా ఇంట్లో మనుషులకంటే ఫోన్లెక్కువ మేడమ్."

"ఆ జాబితా ఇంకొకరికి దొరికితే నష్టమేంటి?" అని బాబాయ్ అడగబోయి ఊరుకున్నాడు. వ్యాపారికి ఆ మాత్రం తెలియదా. కొనేవాడు ఎంతదాకా వస్తాడో ఎదుటివాడికి తెలిస్తే, అక్కడిదాకా తరిమి వదిలిపెడతాడు. డబ్బంతా ఇద్దరు ముగ్గురి మీద అయిపోతుంది, మిగతా జట్టుకి చిల్లర మిగులుతుంది.

"దొంగ దొరికాడు," అన్నాడు అల్లుడు. "చిన్న గేటుకి మిషనుంది. కార్డు పెడితేనే తెరుచుకుంటుంది, టైము రాసుకుంటుంది. పొద్దున అయిదూ నలభైకి తెరుచుకుంది. కార్డు మా ఫాస్ట్ బౌలర్‌ది. జిరాఫీ అంటారు వాణ్ణి. పన్నెండులోపు లీగ్ ఆఫీసుకి ఉత్తరం ఇస్తే వేలంలోంచి పేరు కొట్టేస్తారు."

"కొట్టేస్తే మళ్లీ ఎప్పుడు రాస్తారు?"

"రాయరు. దొంగ అని తేలినవాడికి ఏ లీగూ ఉండదు."

సర్వేయరమ్మ మామగారి వైపు తిరిగింది. "దొంగ దొరికాక నా దగ్గరికెందుకు వచ్చారు?"

ఆయన తన చెప్పుల వంక చూసుకుని, అప్పుడే గమనించినట్టు కాళ్లు లోపలికి లాక్కున్నాడు. "పిలిచి అడిగాను. ఏడవలేదు, కాళ్ల మీద పడలేదు. 'నా కార్డు ట్రేలో ఉంది కదా సార్' అని ఒక్క మాట అని అలాగే నిలబడిపోయాడు. ఆ నిలబడటం నాకు నచ్చలేదు మేడమ్. ఇరవై రెండేళ్లవాడు. నేను సంతకం పెడితే వాడి బతుకు అయిపోతుంది."

బాబాయ్ గడియారం చూశాడు. చేతిలో ఉన్నది అయిదు గంటలు.

*

ఆ గ్రౌండు బాబాయ్‌కి కొత్త కాదు. దుకాణం రోజుల్లో అక్కడ చేత్తో తిప్పే స్కోరు బోర్డు, పెయింటు ఊడిన బెంచీలు ఉండేవి. గోడెక్కి చూసేవాళ్లు కొందరు, గేటులోంచి వచ్చి చూసేవాళ్లు కొందరు. ఎవరూ టిక్కెట్టు కొనేవాళ్లు కాదు. లీగ్ వచ్చాక అంతస్తుల స్టాండ్లు, దీపాల స్తంభాలు, కెమెరా టవరు లేచాయి. గోడల మీద ఆటగాళ్ల బొమ్మలు మనిషికి మూడింతలయ్యాయి. సరుక్కి ధర కట్టడం బాబాయ్ జీవితమంతా చేసిన పనే. కానీ సరుకే సోఫాలో కూర్చుని టీవీలో తన ధర చూసుకోవడం మాత్రం ఆయనకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

మైదానం మీద మంచు ఇంకా ఆరలేదు. తూర్పు స్టాండు నీడ సగం గడ్డిని కప్పి ఉంచింది. గ్రౌండ్స్‌మన్ తాడు కట్టి ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. తాడు ఇవతలినుంచి చూస్తేనే కనిపిస్తున్నాయి, తెల్లటి మంచు మీద ముదురు పచ్చ అడుగులు. చిన్న గేటు దగ్గర మొదలై ఎదురుగా ఉన్న ఆఫీసు గదుల మెట్ల దాకా వెళ్లాయి. తిరిగి వచ్చిన అడుగులు వాటి పక్కనే ఉన్నాయి.

"బాబాయ్, ఆ బాట తిన్నగా ఉందా?"

బాబాయ్ కళ్లు చికిలించాడు. గేటునుంచి తాడు లాగినట్టు తిన్నగా వచ్చిన అడుగులు మైదానం మధ్యలో కుడివైపుకి వంగాయి. ఇరవై ముప్పై అడుగులు విల్లులా పక్కనుంచి నడిచి మళ్లీ పాత దారిలో కలిశాయి. వెనక్కి వచ్చేటప్పుడూ అంతే.

"తాగి ఉన్నాడేమో," అన్నాడు అల్లుడు.

"రెండుసార్లూ ఒకే కొలతలో తూలే తాగుబోతుని నేను చూడలేదు," అంది సర్వేయరమ్మ. గ్రౌండ్స్‌మన్ని పిలిచింది. "నిన్న రాత్రి అక్కడేమైనా పెట్టారా? పైపు, రోలరు, తాడు?"

"ఏమీ లేదు మేడమ్. రోలరు మూడు రోజులుగా షెడ్డు దాటలేదు."

"నేల మెత్తగా ఉందా? నీళ్లు నిలిచాయా?"

"గడ్డి మేడమ్. వట్టి గడ్డి."

"పిచ్ ఎక్కడ?"

ఆయన దూరంగా ఎడమవైపు చూపించాడు. అక్కడ టార్పాలిన్ కింద పిచ్ ఉంది. అడుగులు దాని దరిదాపుల్లోకి పోలేదు. "కెమెరా టవరుకి ఎదురుగా ఉండాలని లీగ్ వాళ్లు మొదటి ఏడాదే అటు మార్చేశారట. నేనొచ్చి రెండేళ్లేగా, నాకు తెలిసినప్పటినుంచీ అక్కడే."

బాబాయ్ అలవాటు కొద్దీ ఆ టార్పాలిన్ అంచు దూరంనుంచే చూసి పెదవి విరిచాడు. "పాత క్లబ్బుకి నేను అమ్మిన పట్టా దీనికి రెట్టింపు మందం. పరచడానికి ఎనిమిదిమంది కావలసొచ్చేది," అన్నాడు. సర్వేయరమ్మ ఆయన వైపు చూసి ఏదో అడగబోయి, ఆగిపోయింది.

ఆఫీసు గదిలో ఆకుపచ్చ ఇనప బీరువా ఉంది. పాత క్లబ్బు భవనంతోపాటు వచ్చిందే. తాళం మీద ఒక్క గీత లేదు. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని తలుపు కింది మూల చూసింది. అక్కడ రంగు కాస్త చెదిరి ఉంది. ఆ చెదిరిన చోట రెండు గడ్డి పరకలు అతుక్కుని ఉన్నాయి, ఇంకా పచ్చగానే.

"తాళం దగ్గర పని చేసినవాడి గడ్డి నేల దగ్గర ఎందుకుంది బాబాయ్?"

"బూటు తగిలిందేమో అమ్మాయ్."

"తగిలిందా, తగిలించాడా?"

*

ముందు జిరాఫీని పిలిచారు. తలుపు చట్రానికి తల తగలకుండా వంగి వచ్చాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

"పొద్దున అయిదూ నలభైకి ఎక్కడున్నావు?"

"హాస్టల్లో పడుకున్నా మేడమ్. రూమ్‌మేట్ ఊరెళ్లాడు. చూసినవాళ్లు లేరు."

"కార్డు?"

"ప్రాక్టీసు అయ్యాక అందరం వరండాలో ట్రేలో వేస్తాం. పారేసుకుంటున్నామని కెప్టెన్ గారు పెట్టిన రూలు. నిన్న నేనే లాస్టు. ఎక్స్‌ట్రా బౌలింగ్ చేశా."

"ఈ గ్రౌండుకి ఎప్పుడొచ్చావు?"

"రెండేళ్లయింది." కుర్చీలో ఇంకాస్త ముందుకి జరిగాడు. "మేడమ్, మా అక్కకి ఎవరైనా ఫోన్ చేశారా?"

"లేదు. ఏం?"

"మా అక్క కుట్టుమిషన్ పక్కన టీవీ పెట్టించింది. ఇవాళ వీధి మొత్తం అక్కడే ఉంటుంది. నా పేరు చదువుతారని..."

అల్లుడు లోపలికి వస్తూనే గడియారం చూసుకున్నాడు. పొద్దున ఒక్కడే నడకకి వెళ్లానన్నాడు. సాక్ష్యం లేదు.

"ఈ మైదానం దాటి ఎప్పుడైనా నడిచారా?"

"ఎందుకు? బూట్లు పాడవుతాయి. నాకు ఆట తెలీదు మేడమ్, బిస్కెట్లు తెలుసు. మామగారు ఈ జట్టు మీద పోసేదానితో ఇంకో ఫ్యాక్టరీ వచ్చేది."

"జాబితా బయటికి పోతే మీకు బాధ లేదన్నమాట."

"బాధ లేదు. కానీ అమ్ముకునేంత గతి పట్టలేదు."

చివరికి కోచ్ వచ్చాడు. ఆయన్ని కోచ్ అని ఎవరూ అనరు. పాత క్లబ్బుకి పద్దెనిమిదేళ్లు కెప్టెన్‌గా ఉన్నాడు, ఇప్పటికీ అందరికీ కెప్టెన్ గారే. బాబాయ్ గబుక్కున లేచి నిలబడ్డాడు.

"మీరు కొట్టిన సిక్సరు ఒకటి నా దుకాణం రేకుల మీద పడిందండీ."

"రేకులు బాగుచేయించానా లేదా?" అని కెప్టెన్ నవ్వాడు. నవ్వు వెంటనే చల్లారింది. "ఆ కుర్రాణ్ణి వీధిలో టెన్నిస్ బంతి వేస్తుంటే పట్టుకొచ్చింది నేనేనమ్మా. చేయి పట్టుకుని నేర్పాను. కన్నకొడుకనే అనుకున్నాను. కానీ మిషన్ రాసినదాన్ని కాదనలేం కదా."

"మీరెప్పుడొచ్చారు?"

"ఆరున్నరకి, పెద్ద గేటునుంచి. వాచ్‌మన్ రాసుకున్నాడు. మోకాలి నొప్పి, ఈ వారం గడ్డి మీద కాలే పెట్టలేదు."

ఆయన వెళ్లిపోయాక బాబాయ్ నిట్టూర్చాడు. "నాకు అల్లుడి మీదే అనుమానం అమ్మాయ్. ఆ చొక్కా చూశావా, ఒక్క ముడతైనా ఉందా?"

"ముడత లేకపోవడం నేరమైతే ఇస్త్రీవాళ్లందర్నీ లోపలెయ్యాలి." ఆవిడ లేచింది. "బాబాయ్, మీరమ్మిన ఆ మందం పట్టా, ఎనిమిదిమంది ఎక్కడ పరిచేవాళ్లు?"

బాబాయ్ చెప్పాడు. చెప్పి, ఆవిడ ముఖం చూసి, తను చెప్పినదాంట్లో ఏముందో తెలియక తెల్లబోయాడు.

*

పదకొండు గంటలకు అందరినీ చిన్న గేటు దగ్గరికి రమ్మంది. ఎండకి మంచు పూర్తిగా ఆరిపోయింది. అడుగుల జాడ లేదు. కళ్లెదుట ఒకే పచ్చటి మైదానం. అల్లుడి చేతిలో లీగ్ ఆఫీసుకి రాసిన ఉత్తరం ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"ఆఫీసు గదికి పోదాం. దొంగ ఎలా వెళ్లాడో అలాగే, గడ్డి మీదనుంచి," అంది సర్వేయరమ్మ.

"నా బూట్లు," అన్నాడు అల్లుడు.

"బిస్కెట్లమ్మి కొనుక్కోండి."

అందరూ కదిలారు. ఆవిడ కెప్టెన్ పక్కన నడిచింది. "మా బాబాయ్ మీ ఆట గురించి తెగ చెబుతాడు. ఇక్కడ మీరాడినవాటిలో ఏది గొప్పది?"

కెప్టెన్ ముఖం వెలిగింది. ఒక ఫైనల్ గురించి చెప్పసాగాడు. ఆఖరి జోడీ, గెలవడానికి పంతొమ్మిది పరుగులు, మబ్బు కమ్మిన ఆకాశం. చేతులు గాల్లో బ్యాటు పట్టుకున్నాయి. మాట మాటలోనే ఉంది, అడుగు అడుగులోనే ఉంది. బిస్కెట్ల యజమాని, అల్లుడు, గ్రౌండ్స్‌మన్, జిరాఫీ తిన్నగా నడుస్తున్నారు. ఆవిడ మెల్లగా వెనకబడి బాబాయ్ పక్కన చేరింది.

"అందరూ ఉన్నచోట ఆగండి," అంది ఆవిడ.

ఆగారు. నలుగురు ఒక వరసలో ఉన్నారు. కెప్టెన్ ఒక్కడే వాళ్లకి పది అడుగుల దూరంలో, కుడివైపున ఉన్నాడు.

"అటెందుకు వెళ్లారు కెప్టెన్ గారూ?"

ఆయన కిందికి చూశాడు. ఆయనకీ మిగతావాళ్లకీ మధ్య ఉన్నది వట్టి గడ్డి.

"బాబాయ్, మీ పట్టా ఎక్కడ పరిచేవాళ్లో వీళ్లకి కూడా చెప్పండి."

బాబాయ్ వేలితో గడ్డి చూపించాడు. "ఇక్కడే. ఇదిగో, ఈ జాగాలో. పాత పిచ్ ఇదే."

"క్రికెట్ ఆడేవాళ్లు పిచ్ తొక్కరు. ఎంత తొందరలో ఉన్నా చుట్టూ తిరిగి పోతారు," అంది సర్వేయరమ్మ. "పొద్దున వచ్చిన మనిషి కూడా తిరిగే పోయాడు. కానీ ఇప్పుడున్న పిచ్ కాదు, నాలుగేళ్ల కింద తీసేసిన పిచ్. జిరాఫీకి, గ్రౌండ్స్‌మన్‌కి ఇక్కడ ఒకప్పుడు పిచ్ ఉండేదన్న ఊహే లేదు. అల్లుడుగారికి ఏ పిచ్చూ తెలీదు. యజమానిగారు గోడెక్కి చూశారేమో కానీ లోపల నడిచినవారు కాదు. మసక వెలుతుర్లో, బుర్రలో వేరే ఆలోచన ఉన్నప్పుడు, కాళ్లు వాటంతటవే పక్కకి పోవాలంటే ఈ గడ్డి మీద ఏళ్లు గడిచి ఉండాలి."

"అలవాటు నేరమా?" అన్నాడు కెప్టెన్. గొంతు నిలకడగానే ఉంది.

"కాదు. రండి."

ఆఫీసు గదిలో ఆవిడ తాళం వేసిన బీరువా ముందు నిలబడి, బూటు ముందు భాగం తలుపు కింది మూలలో దూర్చి పైకెత్తింది. రెండోసారికి తలుపు కిర్రుమని ఊడి వచ్చింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. బిస్కెట్ల యజమాని మెడలోని తాళంచెవిని పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"పాత క్లబ్బులో తాళంచెవి పోయినప్పుడల్లా ఇలా తీసేవాళ్లయి ఉంటారు. ఆ మూలనున్న గడ్డి పరకలు ఇవాళ్టివి. నిన్న ట్రేలోంచి తీసుకెళ్లిన కార్డుతో పొద్దున చిన్న గేటులోంచి వచ్చారు, పని చూసుకుని అటునుంచే వెళ్లారు, మళ్లీ ఆరున్నరకి పెద్ద గేటునుంచి వచ్చి వాచ్‌మన్‌తో పేరు రాయించుకున్నారు. గడ్డి మీద కాలు పెట్టలేదని మిమ్మల్ని ఎవరూ అడగకుండానే చెప్పారు. కవరు ఎక్కడుంది?"

కెప్టెన్ మెల్లగా కుర్చీలో కూర్చుని కోటు లోపలి జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు. లక్క పగిలి ఉంది.

"ఫోటో తీసి సిమెంటాయనకి పంపాను," అన్నాడు. సిమెంటాయన అంటే లీగ్‌లో వీళ్లకి బద్ధ శత్రువైన జట్టు యజమాని. "మూడేళ్లు కోచ్‌గా పెట్టుకుంటానన్నాడు."

"నేను పెట్టుకోలేదా?" అన్నాడు బిస్కెట్ల యజమాని. ఏడుపు గొంతు.

"పెట్టుకున్నారు. జాలిపడి పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్లు ఈ మట్టిలో ఆడానండీ. ఒక్కడూ టిక్కెట్టు కొనలేదు, ఒక్కడూ నాకింత అని చెప్పలేదు. ఇప్పుడు నిన్న గడ్డం వచ్చినవాళ్లకి ధర చదువుతుంటే పక్కన కూర్చుని చప్పట్లు కొడుతున్నాను. జీవితంలో మొదటిసారి ఒకడు నా ధర ఇదని చెప్పాడు."

తలుపు దగ్గర నిలబడ్డ జిరాఫీ ఒక్క అడుగు ముందుకు వేశాడు. "సార్, ట్రేలో పద్దెనిమిది కార్డులున్నాయి. నా కార్డే ఎందుకు సార్?"

ఏ పగో, ఏ కారణమో వినబోతున్నామని అందరూ కెప్టెన్ వైపు తిరిగారు. కెప్టెన్ ఆ కుర్రాడి ముఖంలోకి చూశాడు. అబద్ధం వెతుక్కున్నట్టు ఒక్క క్షణం పెదవులు కదిలాయి. దొరకలేదు.

"పైన ఉంది," అన్నాడు.

వ్యాపారంలో బాబాయ్ చాలా మోసాలు చూశాడు. లాభం కోసం ముంచినవాళ్లని, కసితో ముంచినవాళ్లని చూశాడు. చేతికి అందింది కదా అని ఒక మనిషిని ఇలా తీసి వాడుకోవడం మాత్రం ఎక్కడా చూడలేదు. జిరాఫీ ఏడవలేదు. పొద్దున నిలబడినట్టే నిలబడ్డాడు.

అల్లుడు చేతిలోని ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, జీవితంలో మొదటిసారిగా ఆ కుర్రాడి పేరు పెట్టి పిలిచి క్షమించమన్నాడు.

"కుర్రాడు బయటపడ్డాడు. నేను మునిగాను," అన్నాడు బిస్కెట్ల యజమాని. "జాబితా అవతలికి పోయింది. రెండింటికి వేలం."

అప్పుడు బాబాయ్ నోరు విప్పాడు. "మునగలేదండీ. మీ జాబితా సిమెంటాయన దగ్గరుందని మీకు తెలుసు. ఆ సంగతి మీకు తెలుసని ఆయనకి తెలీదు. ప్రతివాడికీ మీరు ఎక్కడిదాకా వస్తారో చూసుకుని, అక్కడికి ఒక్క మెట్టు కింద వరకూ ధైర్యంగా పెంచుతాడు. మీరు ముందే చేయి దించేయండి. అవసరం లేని సరుకు ఆయన నెత్తిన పడుతుంది."

సర్వేయరమ్మ ఆయన వంక చూసి నవ్వింది. "ఇదిగో, టార్పాలిన్లు తడిశాయని రాయించబోయిన బుర్ర." తర్వాత కెప్టెన్ ముందు చేయి చాచింది. ఆయన ఫోను తీసి ఇచ్చేశాడు. వేలం ముగిసి లీగ్ ఆఫీసువాళ్లు వచ్చేదాకా ఆ గదిలోనే ఉంటానన్నాడు.

*

వేలం బాబాయ్ చెప్పినట్టే నడిచింది. జాబితాలో అందరికంటే పైన రాసుకున్న బ్యాట్స్‌మన్ ధరని సిమెంటాయన నవ్వుతూ పెంచాడు, ఇంకా పెంచాడు. బిస్కెట్ల యజమాని చేయి సగం దారిలో ఆగిపోయేసరికి ఆ నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. అలా మూడుసార్లు జరిగింది. నాలుగున్నరకి జిరాఫీ పేరు చదివేసరికి సిమెంటాయన దగ్గర చేయెత్తడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఇంకో రెండు జట్లు పోటీ పడ్డాయి. బిస్కెట్ల యజమాని మాత్రం ఎత్తిన చేయి దించలేదు.

సాయంత్రం గ్రౌండు ఆఫీసులో జిరాఫీ ఫోనుకి అక్క దగ్గరనుంచి పిలుపొచ్చింది. అవతల ఏమన్నారో వినపడలేదు కానీ వెనక వీధంతా అరుస్తున్న చప్పుడు గదిలోకి వచ్చింది. ఫోను పెట్టేశాక సర్వేయరమ్మ అతని కార్డు అతనికిచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో కాకుండా సాక్సులో దూర్చుకున్నాడు.

ముగ్గురూ గడ్డి మీదనుంచి చిన్న గేటు వైపు నడిచారు. పాత పిచ్ దగ్గరికి వచ్చేసరికి బాబాయ్ తెలియకుండానే పక్కకి జరిగాడు. జిరాఫీ ఆగి, ఆ వట్టి గడ్డి వంక కాసేపు చూసి, చుట్టూ తిరిగి వచ్చాడు.

గేటు దాటాక బాబాయ్ అలవాటు ప్రకారం బేరీజు వేసుకున్నాడు. పొద్దున చేతిలో ఉన్నది సగం గ్లాసు టీ, పని లేని ఒక రోజు. ఇప్పుడు ఒక కుర్రాడి పేరు మచ్చ లేకుండా మిగిలింది. ఒక వీధి వీధంతా సంతోషంగా నిద్రపోతుంది. యజమానికి జట్టు నిలిచింది, తమ ఆఫీసుకి ఈ నెల గడిచింది. పోయినవాటి వైపు రేకుల మీద పడిన ఒక సిక్సరు మాత్రమే ఉంది. మొత్తం మీద లాభమే.

"ఏం బాబాయ్, ఎంత తేలింది?" అంది సర్వేయరమ్మ.

"లాభమే అమ్మాయ్," అన్నాడు. అని, ముందు నడుస్తున్న ఆ పొడుగాటి వీపు వంక చూశాడు. "వాడికెంత తేలిందో మాత్రం నాకు తెలీదు."